జవాబివ్వని సర్వర్

ఎక్స్‌రే కేంద్రంలో పొద్దున్నే పని ఆగిపోయింది. రోగుల ఫిల్ములన్నీ దాచిన క్లౌడ్ సర్వర్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్ అనే దూరపు లాగిన్ పద్ధతితో వెళ్లబోతే ఎంతసేపటికీ జవాబు లేదు. కేంద్రం నడిపే అక్క, ఆ సర్వర్ అమర్చిపెట్టిన తమ్ముడికి ఫోన్ చేసి, సిబ్బందంతా వింటుండగా కడిగేసింది.

"నీకు అప్పగించడం నాదే బుద్ధితక్కువ. ఏ పనీ తిన్నగా చెయ్యవు."

"సర్వర్ మిషన్ నడుస్తోందా అక్కా?" అన్నాడతను మెల్లగా.

"నడుస్తోందనే చూపిస్తోంది."

"అయితే బయటివాళ్లను ఆపే ఫైర్‌వాల్ మనల్నీ అడ్డుకుంటున్నట్టుంది. అందులో ఏమైనా మార్చావా?"

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నా మీదికి నెట్టకు."

అంటూనే ఫైర్‌వాల్ నియమాలు తెరిచింది. లోపలికి వచ్చే అనుమతి ఒక్క ఇంటర్నెట్ చిరునామాకే ఉంది. అది ఆమె ఇంటి ఇంటర్నెట్‌ది. భద్రంగా ఉంటుందని నిన్న ఇంట్లో కూర్చుని తానే మార్చింది. కేంద్రం చిరునామా కూడా చేర్చగానే సర్వర్ పలికింది.

"నేనే ఎక్కడో పొరపాటు చేసుంటానక్కా. సెలవడిగి వస్తా," అంటున్నాడు తమ్ముడు.

ఆమె ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్లి, "రావద్దురా. తప్పు నాది," అంది.

"పోన్లే అక్కా, పనైంది కదా," అన్నాడతను.

లోపలికి రాగానే రిసెప్షనిస్టు అడిగింది. "మీ తమ్ముడు సరిచేశారా మేడమ్?"

ఆమె గుమ్మంలోనే ఆగింది. తిట్టింది అందరి ముందు, ఒప్పుకున్నది మాత్రం చాటుగా.

"వాడి తప్పేం లేదమ్మా. నేనే చెడగొట్టి వాణ్ణి తిట్టాను," అంది, ఎవరి ముఖమూ చూడలేక.

రిసెప్షనిస్టు తల ఊపి మొదటి రోగిని పిలిచింది.