ఉప్పుకాగితం

మా చర్చిని హోటలుకు అమ్మేశాం. ఆదివారం పదకొండు మందికి మించి రావడం లేదు, పైకప్పు చూస్తే కారుతోంది. కొన్న గ్లాస్గో వాళ్లు పాత బెంచీలను భోజనాల గదిలో వేసుకుంటామన్నారు. వందేళ్ల జిడ్డుతో, పిల్లల గీతలతో ఉన్న బెంచీలను పరాయివాళ్ల చేతికిస్తే ఊరి పరువేం కావాలి? ఈ తీరంలో బెస్త ఇళ్ల ఆడవాళ్లం ఇల్లు అమ్ముకున్నా గడప కడిగి మరీ తాళం ఇస్తాం. అందుకే నేనే పూనుకుని నలుగురిని పోగేశాను. తొమ్మిది రోజులు ఉప్పుకాగితం పెట్టి రుద్దాం. ఒక బెంచీ అంచున లోతుగా దిగిన చెక్కుడు ఉంటే, పూటంతా దాని మీదే పడి పోగొట్టాను. అదంతా ఈ నెట్టా చేతి పనేనని ఊరంతా గొప్ప చెప్పుకుని తిరిగాను కూడా.

ఆ రోజుల్లో మా చర్చికే వచ్చే ఇసోబెల్ గౌర్లే తుంటి విరిగి డండీ పట్నం ఆసుపత్రిలో ఉంది. నాకంటే పదేళ్లు పెద్దది. ఆమె ఒక్క కొడుకు అలెక్ పంతొమ్మిదో ఏట పడవతో సహా సముద్రంలో పోయాడు. శవం దొరకలేదు, సమాధీ లేదు.

హోటలు తెరిచిన నెలకు, మధ్యాహ్నం టీకి తీసుకెళ్లమని నన్ను అడిగింది. సరదా పడుతోందనుకున్నాను. లోపలికి రాగానే కర్ర నాకిచ్చి, కిటికీ పక్క బెంచీ అంచు తడిమింది. తర్వాత దాని పక్కది. తింటున్నవాళ్లు కాళ్లు ముడుచుకున్నారు.

“ఏం పోయిందక్కా?”

“మావాడి పడవ. తొమ్మిదేళ్లప్పుడు ప్రసంగం జరుగుతుంటే మా బెంచీ అంచున చాకుతో చెక్కాడు, వెధవ. వాడు పోయినకాణ్ణుంచి ప్రతి ఆదివారం దానిమీద చెయ్యేసుకునే కూర్చున్నా. లేకపోతే ఆ పాదిరిగారి సోది ఎవరు వింటారే?”

దాచి లాభం లేదు.

“నేనే రుద్దేశానక్కా. అల్లరి గీతలనుకున్నా.”

తిడుతుందని ఎదురు చూశాను. తిట్టినా బాగుండేది.

“ఆ రోజు వాణ్ణి చెంప మీద కొట్టా,” అంది మెల్లగా. “ఏడ్చుకుంటా, నేనే చెరిపేస్తాలేమ్మా అన్నాడు. వద్దురా, ఉండనీ, జన్మంతా చూసుకుని సిగ్గుపడు అన్నా.”

ఇంకో బెంచీ అంచు తడిమి నా వైపు తిరిగింది.

“పోనీ నెట్టా, మాది ఏ బెంచీయో గుర్తుందా?”

లేదు. హోటలు వాళ్లు అన్నీ అటూ ఇటూ జరిపేశారు. గుర్తుపట్టడానికి నేను ఒక్క గీత కూడా మిగల్చలేదు. నాకు ఏడుపు ఆగలేదు.

టీ తెచ్చిన అమ్మాయి, ఇంత నున్నటి బెంచీలు ఎక్కడా చూడలేదని అతిథులు మెచ్చుకుంటున్నారని చెప్పి వెళ్లింది.

ఇసోబెల్ దగ్గర్లో ఉన్న బెంచీ మీదే కూలబడింది. దాని అంచు మీద చెయ్యి పెట్టుకుంది.

“ఇదే అనుకుంటాలే,” అంది.

టీ చల్లారిపోయినా ఆ చెయ్యి తియ్యలేదు.