కుడి అంచు

చర్చి హాల్లో టీ పోస్తున్న ఫుమియే, గుమ్మంలోంచి వస్తున్న కూతుర్ని చూసి కెటిల్ ఠక్కున కింద పెట్టింది.

నాలుగేళ్ల జోన్ ఒంటి మీద కిమోనో ఉంది. యుద్ధం ముగిశాక జపానులోని కురె ఊళ్లో కాపలాకు వచ్చిన ఆస్ట్రేలియా సైనికుడు లైల్‌ను పెళ్లాడి అతని దేశానికి ఓడెక్కినప్పుడు, ఫుమియే పెట్టె అడుగున పెట్టి తెచ్చుకున్న తన చిన్ననాటి కిమోనో అది. అత్తగారు ఎడ్నా అడక్కుండానే బయటికి తీసింది.

"మా ఇంటి జపాను బొమ్మని చూశారా!" అంది ఎడ్నా అందరితో. " చర్చి పైకప్పు బాగుచేసే చందాకి తలా ఓ షిల్లింగు వేస్తే గిర్రున తిరిగి చూపిస్తుంది."

ఆడవాళ్లు చప్పట్లు కొట్టారు.

జోన్ పుట్టిన రోజునే ఎడ్నా కట్టడి చేసింది, ఇంట్లో జపాను భాష వినబడకూడదని. మా అమ్మ మాట విను అన్నాడు లైల్. ఫుమియే జోలపాటకి కూడా మాటలు మింగేసి రాగం మాత్రమే తీసింది. భాష పనికిరాలేదు, బట్ట మాత్రం చందాలకి పనికొచ్చింది.

అదైనా సరిగ్గా కట్టిందా? ఎడ్నా తన జాకెట్టు వేసుకున్నట్టే కుడి అంచు పైకి తెచ్చి మడిచింది. బతికున్నవాళ్లకి ఎడమ అంచు పైకి వస్తుంది. కుడి అంచు పైకి వచ్చేది శవానికే. కురె మీద బాంబులు పడ్డ మర్నాడు చెల్లెలు కియో శవానికి అమ్మ అలాగే మడిచింది. నడుముకి తాడు కట్టింది ఫుమియే.

ఆమె హాలు మధ్యకి నడిచి పిల్ల నడికట్టు లాగేసింది.

"ఏమిటే ఇది, అందరి ముందూ!" అంది ఎడ్నా.

"నా కూతురికి శవం బట్ట కట్టావు అత్తయ్యా."

"అటైతేనేం, ఇటైతేనేం? నాకేం తెలుసు?"

"ఊరుకో ఫుమీ, అమ్మకి తెలీదు కదా," గోడ పక్కన నిలబడ్డ లైల్ గొణిగాడు.

"నాలుగేళ్లు ఒక్క ఇంట్లో ఉన్నాం. ఒక్కటంటే ఒక్క మాట అడిగిందా నన్ను? నువ్వడిగావా?"



ఫుమియే మోకాళ్ల మీద కూర్చుని, ఎడమ అంచు పైకి తెచ్చి, "హిదారి" అంది. ఎడమ అని. జోన్‌కి అర్థం కాలేదు. అర్థం చెప్పమన్నట్టు నానమ్మ వైపు చూసింది. కన్నకూతురు తన మాటకి ఇంకొకరి మొహం చూస్తోంది. ఫుమియే పిల్ల చెయ్యి పట్టుకుని ఆ అంచు మీద పెట్టి, మళ్లీ గట్టిగా అంది.

"హిదారి."

"ఇంగ్లీషులో చెప్పు!" ఎడ్నా అరిచింది.

"చెప్పను. ఇవాళ్టి నుంచి ఇంట్లోనూ చెప్పను. కావాలంటే నువ్వే నేర్చుకో."

జోన్ పెదవులు కదిలించి చూసుకుని, మెల్లగా, తప్పుగానే, ఆ మాట అంది.