మిరప ఘాటు

మా అబ్బాయి నిమాయి తేనె కొట్టడానికి పడవెక్కి పులుల అడవికి పోయాడు. మగాళ్ళు అడవిలో ఉన్నన్నాళ్ళూ మా ఇళ్ళల్లో ఎండుమిరపకాయ వేయించం. ఆ ఘాటుకి పులి లేస్తుంది.

వాడి కూతురు టుషు తల్లిలేని పిల్ల. పొయ్యి రాజెయ్యడం, గంజి వార్చడం నేనే నేర్పుతున్నాను.

"నాకు పెళ్ళి చేసేస్తావా నానమ్మా?"

"నీ వంట తిని బతికేవాడు దొరకాలిగా ముందు!"

ఇవాళ ఇంటి వెనక మేకకి ఆకు వేస్తుంటే గుప్పున ఘాటు కొట్టింది. పరుగెత్తి వెళ్తే, మూకుట్లో మిరపకాయలు మాడుతున్నాయి.

"ఎంత చెప్పానే నీకు, దరిద్రపుదానా!" చెయ్యెత్తాను.

పిల్ల గోడకి కరుచుకుపోయింది. "నాన్న అడవి దాటి వచ్చేశాడుగా! మిరపకాయ లేనిదే నాన్నకి ముద్ద దిగదుగా! అదిగో చూడు, పడవ!"

నదివైపు చూశాను. పక్షం రోజులకి రావలసిన పడవ, నాలుగో రోజుకే తిరిగొస్తోంది. రేవు కనబడగానే ఊరు అదిరేలా కేకలేసే మగాళ్ళు తలలు దించుకుని తెడ్లు వేస్తున్నారు.

"నాన్న కేకెయ్యడేం నానమ్మా?"

ఎత్తిన చేతిని దాని నెత్తిమీద పెట్టాను.

"పొయ్యి ఆర్పెయ్యి తల్లీ."