పెళ్ళికొడుకు పేరు

కొత్తకోడలికి అత్తవారింట్లో దొరికిన మొదటి బిరుదు 'కార్డులమ్మాయి'. చదువుకునే రోజుల్లో సరదాకి ఒక స్నేహితురాలి పెళ్ళికార్డు గీసిపెట్టింది. అంతే, ఆ తర్వాత ఎవరికి పెళ్ళి కుదిరినా హాలు మాట్లాడుకోకముందే తన దగ్గరికి పరిగెత్తుకొచ్చేవారు. ఒకమ్మాయికి గులాబీరంగే కావాలి, కానీ అది గులాబీరంగులా కనిపించకూడదు. ఇంకొకడి కార్డు చూసి చుట్టాలందరూ నోళ్ళు వెళ్ళబెట్టాలి, వాళ్ళ నాన్న మాత్రం మామూలు కార్డే అనుకోవాలి. అందరి గోలా నవ్వుతూ వినేది, అందరికీ తగ్గట్టు చేసిపెట్టేది.

ఇప్పుడు ఆడపడుచు పెళ్ళి. కార్డూ, కవరూ, భోజనాల బల్లల మీద పెట్టే పేరు చీటీలూ అన్నీ వదినే చెయ్యాలని ఆ పిల్ల పట్టుబట్టింది. వదినకి అంతకన్నా కావలసిందేముంది! కిటికీ పక్కన బల్ల వేసుకుని, మందపాటి కాగితం మీద మొద్దుసూదితో మడత గీత లాగుతుంటే వచ్చే సన్నటి గరగరకే ఒళ్ళు పులకరించేది. మడత తిన్నగా కుదిరితే బొటనవేలితో ఒకసారి నిమిరి, ఎవరూ చూడటం లేదని తేల్చుకుని, మళ్ళీ నిమిరేది.

చూపించి మురిసిపోవడానికి భర్త ఇంట్లో లేడన్నదే వెలితి.

పెళ్ళిబట్టల మడతలు నలగకముందే అతను ఎక్కడో దూరాన నది మీద వంతెన కట్టే పనికి వెళ్ళిపోయాడు. ఆ పని చెల్లెలి పెళ్ళయిన తర్వాత గానీ ముగియదు. మధ్యలో సెలవు ఇచ్చేది లేదని కంపెనీవాళ్ళు తెగేసి చెప్పారు. ఇంటిల్లిపాదీ కళ్ళు తుడుచుకుని సర్దుకున్నారు. తీరా ఇప్పుడు కొత్త మెలిక వచ్చిపడింది. అదే నది మీద ఇంకో వంతెన ఉంది, రెండేళ్ళు పడుతుంది, ఉంటావా లేదా వారంలోగా చెప్పమన్నారట. అతను ఫోన్ చేసి ఇంట్లో వాళ్ళని అడిగాడు. హాల్లో స్పీకరు పెట్టుకుని అందరూ చుట్టూ కూర్చున్నారు. అత్తగారు గొంతు సవరించుకుని నీ ఇష్టం నాన్నా అన్నారు. ఆడపడుచు కూడా నీ ఇష్టమే అన్నయ్యా అంది. ఫోన్ కోడలి వైపు తిరిగేసరికి, గుండెలో ఉన్నదొకటైతే నోట్లోంచి వచ్చింది ఇంకొకటి.

"మీ ఇష్టమండీ."

చెప్పేసి లోపలికి వెళ్ళి, అవసరం లేని కవర్లు కూడా కత్తిరిస్తూ కూర్చుంది.

కార్డు మీద పేర్లు మాత్రం ఆమె తన చేత్తోనే రాస్తుంది. అసలు రాతకి ముందు చెయ్యి సాగడం కోసం చిత్తుకాగితం మీద ఏదో ఒక మాట పదేపదే రాసుకోవడం అలవాటు. పూర్వం వాన అనో, జామకాయ అనో రాసేది. పెళ్ళయినప్పటి నుంచీ రాసే మాట ఒక్కటే, అతని పేరు. మొదటి అక్షరం గుండ్రంగా తిప్పి, చివరి అక్షరానికి కాస్త తోక వదలడంలో ఎంత సుఖముందో ఆమెకే తెలుసు. ఆ రోజు చిత్తుకాగితం నిండా రాసుకుని, అదే ఊపులో కార్డు కూడా పూర్తిచేసింది. అత్తగారు కళ్ళజోడు తుడుచుకుని రెండుసార్లు చదివి, అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయమ్మా అన్నారు. పెళ్ళికూతురైతే ఎత్తి పట్టుకుని చూసి, ఒకటే సంబరం.

మర్నాడు వదినా ఆడపడుచూ కలిసి ప్రెస్సుకి వెళ్ళారు. ప్రెస్సాయన నెమ్మదస్తుడు. మొదటి కాగితం అచ్చు తీసి, ఆరేదాకా గాలికి ఊపి, ఆర్డరు చీటీతో పక్కపక్కన పెట్టి చూశాడు. చీటీ చూశాడు, కార్డు చూశాడు, మళ్ళీ చీటీ చూశాడు.

"అమ్మా, పెళ్ళికొడుక్కి రెండు పేర్లా?"

ఆడపడుచు మెడ చాచి చూసింది. వధువు పేరు సరిగ్గానే ఉంది. దాని కింద, గుండ్రటి మొదటి అక్షరంతో, తోక ఉన్న చివరి అక్షరంతో...

"వదినా," అంది మెల్లగా, "నాకు మా అన్నయ్యతో పెళ్ళి చేస్తున్నావా?"

ప్రెస్సాయన వెంటనే ఏదో పని గుర్తొచ్చినవాడిలా మిషను వెనక్కి వెళ్ళిపోయాడు. ఆడపడుచు కాగితాల దొంతర మీద వాలిపోయి, పొట్ట పట్టుకుని నవ్వింది. వదినకి ముందు చెమటలు పట్టాయి, తర్వాత తనకీ నవ్వొచ్చింది. ఇద్దరూ ఒకళ్ళని చూసి ఒకళ్ళు కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వారు. ముందు ఆగింది ఆడపడుచే.

"అమ్మ రెండుసార్లు చదివింది కదా."

"ఊఁ."

"నేనూ చూశాను. నా పెళ్ళికొడుకు పేరు, అయినా నాకు తేడా తెలీలేదు." ముక్కు తుడుచుకుంది. "ఆ పేరు మనింట్లో అంతలా తిరుగుతోంది వదినా. వాణ్ణి రమ్మని మాత్రం ఒక్కళ్ళమూ అనలేదు. అందరం ఇష్టం ఇష్టం అంటూ వాడి నెత్తిన పెట్టాం. ఫోన్ చెయ్యి. వాళ్ళిచ్చిన వారం గడువు ఇంకా అయిపోలేదు."

ప్రెస్సులో కాగితాలు కోసే గదిలో ఎవరూ లేరు. నేలంతా సన్నటి ముక్కలు. ఆమె ఓ మూల నిలబడి ఫోన్ చేసింది. ఎత్తగానే అవతల హోరుగాలి.

"అమ్మ బాగుందా?" అన్నాడు కంగారుగా.

"అందరూ బాగున్నారు. నేనే బాగాలేను."

"ఏమైంది? జ్వరమా?"

"జ్వరం కాదు. నువ్వు కావాలి." హాల్లో అందరి ముందు అన్న 'అండీ' ఇక్కడ అవసరం రాలేదు. "పెళ్ళికి రాలేవు, సరే. ఆ రెండో వంతెన ఒప్పుకోకు. ఇది అయిపోగానే వచ్చెయ్."

 

"ఈ మాట ఆ రోజే అనొచ్చుగా," అన్నాడు. గొంతు మారింది. "ఎవరో ఒకరు వద్దంటారని చూశాను. ముఖ్యంగా నువ్వు. మీ ఇష్టమండీ అన్నావు. ఈ పిల్లకి నేను లేకపోయినా బాగానే గడుస్తోంది కాబోలు అనుకున్నాను."

ఆమె కాళ్ళ దగ్గరి కాగితం ముక్కల్ని మునివేళ్ళతో పక్కకి నెట్టింది.

"నిన్న ఉంటానని నోటిమాట ఇచ్చేశాను," అన్నాడు. "సంతకం ఇంకా పెట్టలేదు. లైన్లోనే ఉండు."

ఇనుప రేకుల మీద బూట్ల చప్పుడు వినిపించింది. గబగబా దిగుతున్నాడు. గాలి తగ్గింది. ఎవరో అతన్ని పలకరిస్తే ఆగకుండానే ఏదో చెప్పాడు. గుమ్మంలోంచి ఆడపడుచు తొంగిచూసి ఏమైందన్నట్టు చెయ్యి తిప్పింది. ఆమె ఆగమని సైగ చేసి, ఫోన్‌ని చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది. అక్కడ తలుపు తట్టిన చప్పుడు.

"సార్, ఒక్క మాట," అంటున్నాడు. తర్వాత, సిగ్గుపడుతూనే కాస్త గర్వంగా, "మా ఆవిడ రమ్మంటోంది సార్."