మూడో దెబ్బ

ఉప్పునీటి చిత్తడిలో పాయ మలుపు తిరిగే చోట, ఎండ పొడ పడగానే మగ జోరీగలు గాలిలో కదలకుండా నిలిచి ఎగురుతాయి. ఒకదాని చోటులోకి ఇంకొకటి వస్తే ఢీకొట్టి తరుముతుంది. ఆడది అటుగా వస్తే పట్టుకుని గడ్డిలోకి పడిపోతుంది. ఆమె మూడేళ్లుగా పడవలో కూర్చుని ఇదే చూసి రాసుకుంటోంది. ఊళ్లోవాళ్లు ఆమెకు పురుగులమ్మ అని పేరు పెట్టారు. పడవ నడిపేది అక్క మొగుడు.

ఆడ ఈగలు నెత్తురు కోసం గట్టు మీది పశువుల దగ్గరికి పోతాయి. వాటిని పట్టడానికి ఆమె గట్టు పొడుగునా నల్ల పెట్టెలు పెట్టింది. ఆ పెట్టెలే ఈగల్ని రప్పిస్తున్నాయని ఆ గట్టు మీద గుర్రాల్ని మేపుకునే గుర్రాలవాడి నమ్మకం.

ఒకరోజు అతని గుర్రం ఈగల కాట్లకు వెర్రెత్తి పరుగెత్తింది. పగ్గం చేతికి చుట్టుకుని ఉన్న అతని తమ్ముణ్ణి రాళ్ల మీద ఈడ్చుకుపోయింది. తల పగిలి అక్కడికక్కడే పోయాడు.

మర్నాడు పొద్దున ఆమె, బావ పడవ దిగేసరికి ఆరు పెట్టెలు ముక్కలై ఉన్నాయి. గుర్రాలవాడు గునపంతో నిలబడి ఉన్నాడు.

“నీ పురుగుల పిచ్చి నా తమ్ముణ్ణి మింగేసింది.”

“ఈగలు పుట్టేది బురదలో అన్నా. నేను వాటిని పట్టి చంపుతున్నాను.”

“పోయినోడికి చెప్పు ఆ ముక్క.”

గునపం ఆమె ముంజేతిని విరిచేసింది. మళ్లీ ఎత్తేలోగా బావ తెడ్డుతో అతని భుజం మీద కొట్టాడు. రెండో దెబ్బకు గునపం జారిపోయింది, గుర్రాలవాడు మోకాళ్ల మీద కూలబడి చేతులు అడ్డం పెట్టుకున్నాడు. బావ తెడ్డు అంచు తిప్పి మొహం మీద మూడోది వేశాడు. ఎడమ కన్ను చితికిపోయింది.

“చాలు బావా,” అని ఆమె మంచి చేత్తో తెడ్డు పట్టుకుంది. అతను ఆమెనూ కొట్టబోయి ఆగాడు.

పోలీసుల కంటే ముందే అక్క ఆసుపత్రికి వచ్చింది.

“నీ ప్రాణం కాపాడాడే. మూడూ నీకోసమే కొట్టాడని చెప్పు.”

“రెండు నాకోసమే అక్కా.”

“మరి మూడోది?”

మూడోది గుర్రాలవాడు కూలబడ్డాక వేసిందని ఆమె పోలీసులకు ఉన్నదున్నట్టు చెప్పింది. బావకు రెండేళ్ల జైలు పడింది, గుర్రాలవాడికి ఏడాది. అక్క మళ్లీ ఆమెను గడప తొక్కనివ్వలేదు.

గుర్రాలవాడి శిక్ష ముగిశాక వచ్చిన వేసవిలో ఆమె ఒక్కతే కొత్త పెట్టెలు పెడుతుంటే అతను గట్టు మీదికి వచ్చాడు.

“వీటితో ఈగలన్నీ చచ్చిపోతాయా?”

“లేదు. మొదటిసారి గుడ్లు నెత్తురు తాగకముందే పెట్టేస్తాయి. ఆ తర్వాతే నెత్తురు కోసం వచ్చి ఈ పెట్టెల్లో పడతాయి.”

అతను కాసేపు మిగిలిన కంటితో బురద వంక చూసి, గుర్రాన్ని తోలుకుని వెళ్లిపోయాడు.