అక్క చెప్పని మూడో దారి

పోనీ ఆ మచ్చ నువ్వుగింజంత పక్కకి ఉన్నా బాగుండేది, అనుకుంటూ అక్క కంటి ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూలబడింది, చూపుకి సరిగ్గా నడిమధ్యన ఉందన్నాడు డాక్టరు, చెల్లెలి పాప కుడికంట్లో, లోపలి పొర మీద, కడుపులో ఉండగానే సోకిందట, ల్యాబులో పనిచేసేవారు, మీకు నేను చెప్పేదేముంది, టాక్సోప్లాస్మా క్రిమే, రక్తపరీక్షలోనూ తేలింది అంటూ కాగితం ఆమె చేతికే ఇచ్చాడు, ఇరవయ్యేళ్ళుగా ఇలాంటివి పరాయివాళ్ళకి అందించిన చెయ్యి ఈ ఒక్కదాన్ని మడతపెట్టలేకపోతోంది, పక్కన చెల్లెలి ఒళ్ళో ఎనిమిది నెలల పాప చుక్కలమందుకి ఏడ్చి ఏడ్చి నిద్రపోయింది.

ఆ పేరు నాకు నోరు తిరగట్లేదు, ఎలా వస్తుందక్కా అది, అంది చెల్లెలు, నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు అక్క, కానీ చెవిలో పోయినేడాది ఫోనే మోగుతోంది, చెల్లెలికి అప్పుడు మూడో నెల, అక్కా, మెట్లకింద పిల్లికూన దొరికితే పెంచుతున్నా, అది దొడ్డికెళ్ళే ఇసుకపెట్టె రోజూ నేనే ఎత్తిపోస్తున్నా, కడుపుతో ఉన్నవాళ్ళు అది ముట్టుకోకూడదంటోంది పక్కింటావిడ, నిజమేనా, అని అడిగింది, ఇటు మైక్రోస్కోపు ముందు నలభై స్లైడ్లు, భుజానికీ చెవికీ మధ్య ఫోను, ఏం కాదులే, చేతులు కడుక్కో చాలు, మళ్ళీ మాట్లాడతా అని పెట్టేసింది, మళ్ళీ మాట్లాడనే లేదు, ఒక్క గొట్టం రక్తం తీయించి ఉంటే, పెట్టె మరిదిని ఎత్తమని ఉంటే, మందు వేళకి పడి ఉండేదేమో, ఏమోలే, పిల్లివల్లే వచ్చిందని రుజువేముంది, అవును, రుజువు లేదు, అదే కాస్త ఊపిరాడనిచ్చింది, నీళ్ళవల్ల రావచ్చు, తిండివల్ల రావచ్చు, అంది పైకి, అక్కడితో ఆపేసింది.

చెల్లెలు పాప జుట్టు సవరించింది, అయితే నావల్లేనక్కా, అంది మెల్లగా, వేవిళ్ళప్పుడు నీళ్ళు కాచుకోలేదు, ఓపిక లేక ఆకుకూరలు ఒక్కసారే కడిగేదాన్ని, నా బద్ధకమే దీని కన్ను తినేసింది, ఆ మాటతో అక్కకి తట్టింది, ఆ రోజు అన్నది పని తొందరలో అన్న మాట, కానీ ఇప్పుడు తాను మూడు దారుల్లో రెండే చెప్పింది, పిల్లి మాట దాచింది, అన్నీ తెలిసి, తీరిగ్గా కూర్చుని, తన తప్పు తీసి చెల్లెలి ఒళ్ళో పెట్టింది, పాపకి చేసినదానికి పరాకున అన్నాననైనా అనుకోవచ్చు, దీనికి ఆ సాకు లేదు, ఆకుకూర కాదు చిట్టీ, ఇటు చూడు, పిల్లి గురించి నువ్వు నన్ను అడిగావు, నేనే సరిగ్గా చెప్పలేదు, అంది.