తొలి ప్రేక్షకురాలు

నేను బంగాళాదుంపల చెక్కు తీస్తుంటే మా మరిది వచ్చి ఫ్రిజ్‌కి ఆనుకుని నిలబడ్డాడు. అంటే కొత్త షో తయారయిందన్నమాట. "విను వదినా. నవ్వొస్తే నవ్వు, రాకపోతే మొహమాటపడకు" అన్నాడు, ఎప్పటిలాగే.

ఇప్పుడతనికి స్టాండప్ కమెడియన్‌గా పెద్ద పేరు. టికెట్లు అమ్మకానికి పెట్టిన పూటే అయిపోతాయి. మా ఇంట్లో ఉండి కాలేజీకి వెళ్ళిన రోజుల నుంచీ అతని ప్రతి షోకీ మొదటి న్యాయనిర్ణేతను నేనే. గిన్నెలు తోముతూనో, బట్టలు మడతపెడుతూనో వింటాను. ఇక్కడ ఇంకాసేపు ఆగాలి, ఈ మాట ముందొచ్చేసింది, ఇది నలుగురూ వాడేసిందే, తీసెయ్, అంటాను. తీసెయ్యమన్నవి తీసేస్తాడు. బాగున్నాయన్నవి హాలును ఊపేస్తాయి. ఇంత ఒడుపు ఎలా అబ్బిందని పత్రికలవాళ్ళు అడిగితే "జీవితాన్ని గమనిస్తానండీ" అంటాడు.

అతను గమనించే జీవితం పేరు వదిన. అతని షోలన్నిటిలోనూ ఒక వదిన ఉంటుంది. పిసినారి, నోటి దురుసు మనిషి. నేను ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాను. "మా వదిన ఇంట్లో కూడా ఊపిరి బిగబట్టండి అంటుంది, వదలమనడం మర్చిపోతుంది. మా అన్నయ్య పెళ్ళయిన రోజు నుంచీ బిగబట్టే ఉన్నాడు!" అతనికి పేరు తెచ్చిన జోకు ఇదే. అల్లింది నేను. అన్నం వడ్డిస్తూ మొదటిసారి అన్నప్పుడు మా ఆయన "జోకులు తర్వాత, ముందు మంచినీళ్ళివ్వు" అన్నాడు. అదే మాట తమ్ముడు వేదిక మీద అంటే కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. ఇప్పుడు నేను ఊపిరి బిగబట్టమనగానే పేషెంట్లు కిసుక్కుమంటారు. కదిలిపోతారు, మళ్ళీ తియ్యాలి. "ఏం వదినగారూ, ఇవాళ ఎన్ని పాడుచేశారు?" అంటాడు డాక్టరు. ఇంట్లో చెప్పుకుంటే మా ఆయన "ఊరికే పేరొస్తోంది కదా, ఏడుపెందుకు?" అంటాడు.

ఆ రోజు మరిది చెప్పిన కొత్త ముక్క బాత్రూం గురించి. వదిన స్నానానికి వెళ్ళి కుళాయి వదిలితే వీధిలో నీళ్ళు అయిపోతాయి. అన్నయ్య భుజాన తువ్వాలుతో తలుపు ముందు పచార్లు చేసి చేసి, చివరికి ఆఫీసులోనే స్నానం చెయ్యడం మొదలుపెడతాడు. బాగుంది. అదే బాధ. ఆ నడక, ఆగిన చోట్లు, అన్నీ అతికినట్టున్నాయి. అతను ఇంతవరకు చేసినవాటన్నిటిలోకీ ఇదే పైమెట్టు. నా పెదవులు విచ్చుకోబోయాయి కూడా. అంతలో ఆ కుళాయి ఎప్పటిదో గుర్తొచ్చి, చేతిలో దుంప పక్కన పెట్టేశాను.

ఐదో నెలలో కడుపులోనే పాప పోయాక నేను బాత్రూంలో కుళాయి తిప్పుకుని కూర్చునేదాన్ని. గొంతెత్తి ఏడవడానికి ఆ ఇంట్లో వేరే చోటు లేదు. "ఎన్నాళ్ళీ ఏడుపుగొట్టు మొహం? ఇంటికొచ్చినవాడికి ఒక నవ్వు కనపడక్కర్లేదా?" అనేవాడు మా ఆయన. మరిది మాత్రం ఒకరోజు తలుపవతల నుంచి మెల్లగా, "వదినా, టీ పెట్టాను, వస్తావా?" అన్నాడు. ఆ టీ కోసమే అతని షోల్లోని వదినని ఇన్నాళ్ళూ ఓర్చుకున్నానేమో.

"ఇది తీసెయ్" అన్నాను.

"నవ్వు రాలేదా?"

"వచ్చింది. అయినా తీసెయ్. అక్కడ నేనెందుకు కూర్చునేదాన్నో నీకు తెలుసు."

"నాకు తెలుసు వదినా. జనానికి తెలీదుగా. వాళ్ళకది నీళ్ళ జోకే."

హాల్లోంచి మా ఆయన కేకేశాడు. "ప్రతిదీ పెద్దది చెయ్యకు! సరదా అంటే ఏంటో తెలీదు నీకు."

షో రోజు మమ్మల్ని ముందు వరసలో కూర్చోబెట్టారు. కుళాయి జోకు చివరన వచ్చింది. హాలు పగలబడి నవ్వింది. మా ఆయన మోకాళ్ళు చరుచుకున్నాడు. ఆ నవ్వు ఆగకముందే మరిది చెయ్యి చాపాడు. "అదిగో, ఆ వదిన! లైటు అటు వెయ్యండి!" తెర మీద గోడంత నా మొహం. ఎవరో మైకు అందించారు.

"నా జోకులకి మార్కులు వేసేది మా వదినే. చెప్పు వదినా, ఎలా ఉంది?"

మా ఆయన నా మోచెయ్యి నొక్కాడు. "బాగుందని చెప్పి కూచో."

నేను లేచి నిలబడ్డాను. "మొదటి సగం చాలా బాగుంది" అన్నాను. చప్పట్లు. "చివరి జోకు ఇంకా బాగుంది, ఎక్కడా వంక పెట్టలేం. కాకపోతే నేను ఆ కుళాయి కింద స్నానం చేసేదాన్ని కాదు. కడుపులో పోయిన పాప కోసం ఏడ్చేదాన్ని. అది నీకు తెలుసు, వీళ్ళకి తెలీదు. ఇప్పుడు తెలిసింది. మళ్ళీ ఒకసారి చెప్పు, ఎవరు నవ్వుతారో చూద్దాం."

వెనక వరసల్లోంచి ఎవరో ఆడగొంతు "చెప్పొద్దు" అంది. మరిది దణ్ణం పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు.

కారులో మా ఆయన దారంతా అరుస్తూనే ఉన్నాడు. "పరువు తీశావ్! వాడి పొట్ట మీద కొట్టావ్! నలుగురిలో చెప్పుకునే మాటేనా అది?"

"నలుగురినీ నవ్వించడానికి పనికొచ్చిన మాట, చెప్పుకోవడానికి పనికిరాదా?" అన్నాను. నాకు భయమేస్తుందనుకున్నాను, ఆకలేసింది.

వారం తర్వాత మరిది వచ్చాడు. లోపలికి రాకుండా వంటింటి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. "అది తీసేశాను వదినా. తప్పయిపోయింది."

"సరే."

"కొత్తది ఒకటుంది. నీ చెవిన పడకుండా బయటికెళ్ళాలంటే ధైర్యం చాలట్లేదు. వింటావా?"

"వింటాను. టికెట్టు కొనుక్కుని, అందరితోపాటు కూర్చుని వింటాను. బాగాలేకపోతే అక్కడే లేచి చెప్తాను."